మీ చెయ్యి పడితే బాగుపడే పని

ఉద్యోగం వచ్చిందనగానే మన ఇళ్లలో అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. జీతమెంత? పర్మనెంటేనా? ఏ ఊళ్లో? పెళ్లి సంబంధం అయితే ఇంకోటి కలుస్తుంది: ప్యాకేజీ సరే, చేతికొచ్చేదెంత? పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలో కూర్చుని నువ్వు చేసేదేమిటని మేనమామ అడగడు, పెదనాన్న అడగడు, కట్టుకోబోయేవాళ్లు కూడా అడగరు. అలా అడగకపోవడం తప్పని నేననను. తిండికి, ఇంటి లోనుకు, పిల్లల ఫీజులకు సరిపోతుందా లేదా అన్నది ముందు తేలాల్సిన లెక్కే. ఆ లెక్క తేలాక కూడా, నెల తిరిగేసరికి జీతం టంచనుగా పడుతున్నా, ఆదివారం సాయంత్రం నుంచే మనసు బరువెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం.

అసలు మనం ఉద్యోగాల్లోకి వచ్చిన దారి ఒకసారి చూసుకోండి. పదో తరగతి మార్కులను బట్టి ఎంపీసీయో బైపీసీయో. ఎంసెట్ ర్యాంకును బట్టి బ్రాంచి. క్యాంపస్‌కు ఏ కంపెనీ వస్తే అందులో కొలువు. సర్కారు ఉద్యోగమైతే మెరిట్ లిస్టు, రోస్టర్ పాయింటు, వెబ్ ఆప్షన్లు. నాన్న సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకం. ఇన్ని మలుపుల్లో ఎక్కడా 'నీకు అలవోకగా వచ్చే పని ఏది?' అని అడిగినవాళ్లు లేరు. దరఖాస్తు ఫారంలో లోకలా నాన్‌లోకలా అన్నదానికి గడి ఉంటుంది, దీనికి ఉండదు. కాబట్టి చేస్తున్న పని మనసుకు పట్టకపోతే అది మీ బద్ధకమనో, పొగరనో అనుకోకండి. ఎప్పుడో ఎవరో అడగాల్సిన ప్రశ్నను ఇప్పుడు మీరే అడుక్కుంటున్నారు, అంతే.

జీతం ఎంతవరకు పనిచేస్తుంది

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు కలిసి పిట్స్‌బర్గ్ ప్రాంతంలో రెండు వందల మంది దాకా ఇంజినీర్లను, అకౌంటెంట్లను పలకరించారు. ఉద్యోగంలో మీరు బాగా సంతోషపడ్డ రోజు ఒకటి చెప్పండి, బాగా విసిగిపోయిన రోజు ఒకటి చెప్పండి అన్నారు. వచ్చిన జవాబులు 1959లో పుస్తకంగా అచ్చయ్యాయి. విసుగు కథల నిండా కంపెనీ రూల్సు, పై అధికారి తీరు, కూర్చునే చోటు, జీతం. సంతోషం కథల్లో మాత్రం ఎక్కువగా వినిపించినవి వేరు: ఒక కష్టమైన పని పూర్తి చెయ్యడం, దాన్ని నలుగురూ గుర్తించడం, ఆ పనిలోనే ఉన్న రుచి, తన మీద పెట్టిన బాధ్యత. హెర్జ్‌బర్గ్ దీన్నుంచి తేల్చింది ఏమిటంటే, జీతం, వసతులు సరిగ్గా లేకపోతే మనిషి బాధపడతాడు. అవి సరిగ్గా ఉన్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు.

ఈ పరిశోధన మీద విమర్శలూ ఉన్నాయి. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే మేనేజరు పాపం అని చెప్పుకోవడం మనుషుల నైజం కదా, ఆ జవాబులను ఎంతవరకు నమ్మాలి అన్నారు. ఆ మాటా సబబే. నా ఉద్దేశంలో ఇందులోంచి తీసుకోవాల్సింది ఒక వరస. మూడు నెలలుగా జీతం రాని అవుట్‌సోర్సింగ్ ఉద్యోగికి 'నీ సహజ బలాలు తెలుసుకో' అని పాఠం చెప్పడం వెటకారం అవుతుంది. ఆయనకు ముందు జీతం కావాలి. రోజూ వేధించే పై అధికారి కింద నలిగిపోతున్న ఆడపిల్లకు కావాల్సింది ఫిర్యాదుకు దారి, లేదా బయటపడే దారి. ఆ రెండూ కాకుండా, అన్నీ ఉన్నా ఏదో లేదనిపించేవాళ్లు ఇక్కడి నుంచి చదవండి.

ఒకే ఉద్యోగం, ఇద్దరు మనుషులు

ఆర్టీసీ బస్సులో కండక్టరును గమనించండి. ఉద్యోగం పేరు ఒకటే, చేతిలో టికెట్ మిషను ఒకటే, భుజాన బ్యాగు ఒకటే. ఒకాయన బస్సు కదలకముందే డోరు దగ్గర నిలబడి ఉంటాడు. 'అమ్మా, ఆ గంప దారిలో పెట్టకు, సీటు కిందికి తొయ్యి. తాతా, నువ్వు ముందు కూర్చో, నీ ఊరొస్తే నేను లేపుతాలే. ఆధార్ తియ్యండమ్మా, జీరో టికెట్టయినా కొట్టాల్సిందే.' యాభై మంది బస్సులో తొంభై మంది ఉన్నా ఆయన గొంతులో విసుగుండదు. రాత్రి డిపోలో డబ్బు కట్టేటప్పుడు మాత్రం చెమటలు పడతాయి. లెక్క ఎక్కడో తేడా వస్తుంది, మళ్లీ మొదటి నుంచి నోట్లు లెక్కబెడతాడు.

ఇంకో బస్సులో ఇంకొకాయన. మాట తక్కువ. స్టేజీ స్టేజీకి లెక్క చూసుకుంటాడు. పది రూపాయల నోట్లు ఒక మడత, ఇరవైలు ఒక మడత, చిల్లర వేరే జేబు. టికెట్ వెనక బాకీ రాసిచ్చిన చిల్లర దిగేలోపు గుర్తుపెట్టుకుని మరీ ఇస్తాడు. డిపోలో ఆయన బ్యాగు పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. తోటి కండక్టర్లకు లెక్క కుదరకపోతే ఆయన దగ్గరికే వస్తారు. కానీ ఎవరైనా ప్రయాణికుడు గొంతు పెంచాడంటే ఆ రోజంతా మనసు పాడైపోతుంది.

వీళ్లలో ఎవరు కండక్టరు ఉద్యోగానికి తగినవాళ్లు అని అడిగితే నేను జవాబు చెప్పలేను, మీరూ చెప్పలేరు. ఎందుకంటే ఉద్యోగం అనేది ఒక్క పని కాదు, పదిహేను ఇరవై చిన్న పనుల మూట. మనం బయట పేరు చూసి 'నాకీ ఉద్యోగం పడదు' అనేస్తాం. నిజానికి ఆ మూటలో నాలుగైదు పనులు పడవు, మూడు నాలుగు పనులు ప్రాణం. మిగతావి ఎలాగైనా గడిచిపోతాయి. ఆ మూడు నాలుగు ఏవో తెలియకుండా ఉద్యోగం మారితే, కొత్త చోట మూట రంగు మారుతుంది, లోపల అవే సామాన్లు ఉండొచ్చు.

బాగా చేసే పనికీ బలానికీ తేడా

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ప్రతి ఆఫీసులోనూ కంప్యూటరు బాగా వచ్చిన కుర్రాడు ఒకడుంటాడు. కలెక్టరేట్ నుంచి ఫార్మాట్ వచ్చిందంటే అతనే నింపాలి, పెద్దసారుకు పీపీటీ కావాలంటే అతనే చెయ్యాలి, ప్రింటరు మొరాయిస్తే అతన్నే పిలుస్తారు. తప్పుల్లేకుండా చేస్తాడు కూడా. అందరూ మెచ్చుకుంటారు. ఇంటికెళ్లేసరికి మాత్రం ఒంట్లో జీవం ఉండదు. ఎక్సెల్ షీటు అతనికి వచ్చిన విద్య, అతని బలం కాదు. ఏళ్ల తరబడి మెచ్చుకోళ్ల కోసం దాన్నే చేస్తూ పోతే, చివరికి ఆ మెచ్చుకోలు కూడా చేదెక్కుతుంది.

మార్కస్ బకింగ్‌హామ్ అనే రచయిత దీనికో మంచి కొలత ఇచ్చాడు: చేసినప్పుడు మీకు శక్తినిచ్చేదే బలం, మీ శక్తిని లాగేసేది మీరెంత బాగా చేసినా బలహీనతే. నేను ఇంకాస్త విడదీసి చెబుతాను. ఆ పని ముందుందని తెలిసినప్పుడు మనసు ముందుకు దూకుతుందా? చేస్తున్నప్పుడు గడియారం చూడటం మర్చిపోతారా? అయ్యాక అలసిపోయినా, రేపు మళ్లీ చేద్దామనిపిస్తుందా? మూడింటికీ అవునని వస్తే అనుమానం అక్కర్లేదు. మొదటిదానికి కాదని వచ్చి మిగతా రెండింటికి అవునని వచ్చినా పట్టించుకోండి. మన బలాల్లో కొన్ని బెరుకు కింద దాక్కుని ఉంటాయి. మైకు పట్టుకునే ముందు కాళ్లు వణికి, పట్టుకున్నాక దిగబుద్ధి కానివాళ్లను మీరు చూసే ఉంటారు.

రెండు వారాల చిట్టా

దీన్ని ఊహించి తేల్చుకోకండి, రాసి తేల్చుకోండి. రెండు వారాల పాటు రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు. ఆ రోజు చేసిన పనుల్లో ఊపు తెచ్చినవి ఏవి, ఉసూరుమనిపించినవి ఏవి. ఒక బ్యాంకు క్లర్కు చిట్టా ఇలా ఉంటుందనుకోండి.

సోమవారం: పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ. వేలిముద్ర పడని ముసలాయనకు ఫోన్లో ముఖం స్కాన్ చేసి పని అయ్యేలా చూశాను. మూడింటిదాకా అన్నం తినలేదని తర్వాత గుర్తొచ్చింది.

మంగళవారం: ఇన్సూరెన్స్ టార్గెట్ కోసం ఖాతాదారులకు ఫోన్లు. ప్రతి ఫోనుకు ముందు ఒక నిట్టూర్పు.

బుధవారం: ఆడిట్ వస్తోందని పాత లోను ఫైళ్లు సర్దడం. మొదలుపెట్టే ముందు విసుగు, గంటయ్యాక కూడా విసుగే.

గురువారం: డ్వాక్రా గ్రూపు కిస్తీల్లో తేడా ఎక్కడుందో పట్టుకున్నాను. మేనేజరు అడగలేదు. నేనే వెతికాను.

నాలుగు రోజులకే ఏదో ఆనవాలు కనబడుతోంది చూడండి. ఈ మనిషికి జనం ఇష్టమా, లెక్కలు ఇష్టమా? రెండూ కాదు. జనంతో మాట్లాడటమే ఇష్టమైతే మంగళవారం ఫోన్లూ నచ్చాలి. కాగితాల పనే ఇష్టమైతే బుధవారం ఫైళ్లూ నచ్చాలి. సోమ, గురువారాల్లో ఉన్నది ఒకటే: ఎక్కడో చిక్కుకున్న పనిని విడిపించడం. ఎదురుగా ఉన్నది ముసలాయన అయినా, కిస్తీల పట్టిక అయినా తేడా లేదు. చిట్టా రాయకపోతే ఆ మనిషి 'నాకు కౌంటరు పని ఇష్టం' దగ్గరే ఆగిపోయేవాడు, మార్కెటింగ్ కౌంటరుకు మారి మళ్లీ ఏడ్చేవాడు.

అందుకే రాసేటప్పుడు వీలైనంత విడమరచి రాయండి. 'మీటింగులు పడవు' అన్న వాక్యంతో ఏ ప్రయోజనమూ లేదు. ఇరవైమంది ఉన్న స్టేటస్ కాల్‌లో నోరు విప్పడం పడదా? ఒక్క క్లయింటుతో ఎదురుగా కూర్చుని అతని ఇబ్బంది రాబట్టడం కూడా పడదా? ఈ రెండింటికీ మనం మీటింగనే పేరు పెడతాం.

చిట్టాకు తోడు మూడు ఆనవాళ్లు చెబుతాను. ఒకటి, మీ దగ్గరికి జనం దేనికోసం వస్తారు? మీ సీటు పని కాకపోయినా, మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చి అడిగేదేమిటి? రెండు, ఎదుటివాళ్లు ఏ పని చెడగొడితే మీకు ఒళ్లు మండుతుంది? వాక్య నిర్మాణం తప్పు ఉన్న సర్క్యులర్ చూస్తే కొందరికి చిరాకు, క్యూ సరిగ్గా నడపకపోతే ఇంకొందరికి చిరాకు, కొత్తగా చేరిన పిల్లను ఎవరూ పలకరించకపోతే మరొకరికి మనసు కలుక్కుమంటుంది. మీ చిరాకు ఉన్నచోటే మీ చూపు పదును. ఈ ఆనవాలును మిగతావాటికన్నా నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఇష్టాల గురించి మనకు మనం అబద్ధం చెప్పుకోగలం గానీ చిరాకు గురించి చెప్పుకోలేం.

మూడోది అడిగి తెలుసుకోవాలి. సొంత డబ్బా కొట్టుకోకూడదని మనల్ని పెంచారు. దానితో వచ్చిన చిక్కేమిటంటే, మనకు సులువుగా వచ్చేదాన్ని 'ఇదో గొప్పా, ఎవరైనా చేస్తారు' అని కొట్టిపారేస్తాం. నిజానికి అలా అనిపించడమే గుర్తు. మీతో పనిచేసిన నలుగురైదుగురిని, అందులో ఒకరైనా మీతో పడనివాళ్లుండేలా చూసుకుని, ఒక్క ప్రశ్న అడగండి: 'నేను నెల రోజులు సెలవు పెడితే ఏ పని పాడవుతుంది?' మీ మంచి గుణాలు చెప్పమంటే జనం మొహమాటానికి పొగుడుతారు. ఈ ప్రశ్నకు మొహమాటం పనికిరాదు.

మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ 1999లో రాసిన ఒక వ్యాసంలో ఇంకా ఓపికైన పద్ధతి చెప్పాడు. ఏదైనా ముఖ్యమైన పని తలకెత్తుకున్నప్పుడు, ఏం జరుగుతుందనుకుంటున్నారో రాసిపెట్టుకోండి. తొమ్మిది నెలలకో ఏడాదికో తీసి, జరిగినదానితో పోల్చండి. అనుకున్నదానికన్నా ఎక్కడ మెరుగ్గా చేశారు, ఎక్కడ తేలిపోయారు అన్నది కళ్లముందుంటుంది. రెండు మూడేళ్లు చేస్తే తన బలం ఏదో ఎవరికైనా తెలిసిపోతుందంటాడు. రెండు వారాల చిట్టాకే ఓపిక లేనివాళ్లకు నేనిది చెప్పను.

పరీక్షల సంగతి

బలాలు తేల్చే పరీక్షలు చాలా ఉన్నాయి. డొనాల్డ్ క్లిఫ్టన్ పని ఆధారంగా గాలప్ సంస్థ నడిపే పరీక్షలో 34 రకాల బలాలుంటాయి. దానికి డబ్బు కట్టాలి. మనస్తత్వవేత్తలు క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్‌మన్ 2004లో తెచ్చిన వర్గీకరణలో 24 గుణాలుంటాయి. ఆ పరీక్ష ఉచితం. జాన్ హాలండ్ మనుషుల వృత్తి ఆసక్తులను ఆరు రకాలుగా విడగొట్టాడు. ఇవన్నీ పనికొస్తాయి, ముఖ్యంగా మన గురించి మనం మాట్లాడుకోవడానికి మాటలు లేనప్పుడు. కానీ ఫలితం చూడగానే 'అచ్చం నేనే!' అని ఎగిరి గంతేసేవాళ్లు బెర్ట్రమ్ ఫోరర్ చేసిన పని తెలుసుకోవాలి. ఈ మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు 1948లో తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వ వివరణ వాళ్లకిచ్చి, అది ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4కు పైనే వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో వాక్యాలు చాలావరకు దుకాణంలో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. ఆదివారం వారఫలాలు చదివే మనకు ఇందులో పెద్ద ఆశ్చర్యమేమీ లేదు. పరీక్ష రాయండి, వచ్చిన ఫలితాన్ని మీ చిట్టా పక్కన పెట్టుకోండి. రెండూ కలవకపోతే చిట్టానే నమ్మండి.

ఒకటి మాత్రం ఈ బలాల పరిశోధకుల నుంచి గట్టిగా తీసుకోవచ్చు. సెలిగ్‌మన్ బృందం 2005లో అచ్చువేసిన ఒక ప్రయోగంలో, కొందరిని తమ ముఖ్య బలాల్లో ఒకదాన్ని వారం పాటు రోజూ ఏదో ఒక కొత్త రకంగా వాడమన్నారు. ఆరు నెలల తర్వాత చూసినా వాళ్ల సంతోషం పెరిగే ఉంది. తమ బలాలు ఏవో తెలుసుకుని ఊరుకున్నవాళ్లలో ఆ పెరుగుదల నిలవలేదు. పేరు తెలియడం వల్ల కాకుండా వాడటం వల్లే ఏదైనా మారుతుందన్నమాట.

కొలువు వదలని దొర

బలాల గురించి మాట్లాడగానే మనకు దూకిన కథలే చెబుతారు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరర్ బ్రహ్మానందం సినిమాల్లోకి దూకి నవ్వుల రారాజు అయ్యారు. నిజమే. అలా దూకి కింద పడ్డవాళ్లను మాత్రం ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరు. నాకు అంతకన్నా పనికొచ్చే ఉదాహరణ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1817లో మద్రాసు వచ్చి, ఉద్యోగానికి అవసరం గనక తెలుగు నేర్చుకున్నాడు. 1820లో కడపలో కొలువు. రెవెన్యూ, కోర్టు వ్యవహారాలు ఆయన డ్యూటీ. ఆ డ్యూటీ వల్ల ఎవరూ ఆయన్ను ఇవాళ తలుచుకోవడం లేదు. ఆయన చెయ్యి పడితే బాగుపడిన పని వేరే ఉంది. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించడం, పండితులను కూర్చోబెట్టి వాటిని పక్కపక్కన చదివించడం, పాఠం ఎక్కడెక్కడ తేడాగా ఉందో గుర్తించడం, చివరికి శుద్ధప్రతి రాయించడం. వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేశాడు. 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు. పండితులకు జీతాలు సొంత డబ్బుతో ఇచ్చాడు, అప్పులూ చేశాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోటే ఇవాళ ఆయన పేరుతో లైబ్రరీ ఉంది.

ఆయన కవి కాదు, గొప్ప భావుకుడూ కాదు. ఆయన బలాన్ని పనుల్లో చెప్పాలంటే సేకరించడం, పోల్చడం, వరస పెట్టడం. అదే మనిషి ఏ నాణేలనో మొక్కలనో పట్టుకున్నా ఏదో ఒక పట్టిక తయారయ్యేదనిపిస్తుంది. ఇక్కడ మనం చూడాల్సింది ఇంకొకటి. ఆయన కొలువు మానెయ్యలేదు. ఆ కొలువు జీతమే పండితులను పోషించింది. మెల్లగా కొలువే ఆయన బలం వైపు జరిగింది: తర్వాత మద్రాసులో ప్రభుత్వానికి తెలుగు అనువాదకుడిగా పనిచేశాడు, రిటైరై లండన్ వెళ్లాక అక్కడ తెలుగు ప్రొఫెసరయ్యాడు.

దర్శకుడు కె. విశ్వనాథ్ తన బలం వైపు జరిగింది కూడా ఇలాగే. వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో మొదలై, అదే పరిశ్రమలో ఒక్కో అడుగు వేసి 1965లో దర్శకుడయ్యాడు. 'శంకరాభరణం' 1980లో వచ్చింది. చెవితో మొదలైన మనిషి చేతిలో సంగీతం సినిమా అంత నిండుగా వినిపించడంలో వింతేముంది!

ఉన్న ఉద్యోగాన్నే కాస్త జరపడం

ఏమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో రాసిన వ్యాసంలో ఆస్పత్రి సఫాయి సిబ్బంది గురించి చెప్పారు. అందరి పనీ కాగితం మీద ఒకటే: ఊడ్చడం, తుడవడం, చెత్త తియ్యడం. కొందరు అంతే చేసి వెళ్లిపోయేవాళ్లు. మరికొందరు రోగులను పలకరించేవాళ్లు, దారి తెలియని బంధువులను వెంటపెట్టుకెళ్లేవాళ్లు, నర్సుల వీలు చూసుకుని తమ పని వరస మార్చుకునేవాళ్లు. స్పృహలో లేని రోగుల గదుల్లో గోడల మీది పటాలను అప్పుడప్పుడూ అటూ ఇటూ మార్చిన ఒకామె గురించి రెజ్‌నెస్కీ తర్వాత చెబుతూ వచ్చారు. అలా చెయ్యమని ఆమెకు ఏ ఆర్డరూ లేదు. రోగికి ఏదో మేలు జరుగుతుందేమోనని చేసింది. ఈ రెండో రకం వాళ్లు అదే జీతానికి అదే ఉద్యోగాన్ని వేరే ఉద్యోగంగా చేసుకున్నారు.

మనం కూడా దీన్నే చేస్తాం, కాస్త లెక్కగా. మీ చిట్టాలో తేలిన పనిని వారంలో ఇంకో రెండు మూడు గంటలు పెంచుకోవడం ఎలా? సాఫ్ట్‌వేర్ సపోర్టులో రాత్రీపగలూ టికెట్లు మూసే అమ్మాయి బలం అరటిపండు ఒలిచినట్టు చెప్పడమైతే, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే కేటీ సెషన్లు తానే తీసుకోవచ్చు. ఆ పని నెత్తినేసుకునేవాళ్లు ఎవరూ ఉండరు గనక అడిగితే వెంటనే ఇస్తారు. తహశీల్దారు ఆఫీసులో జనంతో విసిగిపోయే గుమస్తా పాత రికార్డులు కంప్యూటరెక్కించే పని అడిగి తీసుకోవచ్చు. అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్న మనవాళ్లకైతే ఈ దారి మరీ అవసరం. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాల్సిన పరిస్థితిలో నచ్చలేదని వదిలెయ్యడం కుదిరే పని కాదు.

అడిగే తీరులోనే సగం ఉంది. 'సార్, నన్ను ఈ సెక్షన్ నుంచి మార్చండి' అంటే మీ సమస్యను ఆయన నెత్తిన పెట్టినట్టు. పై చిట్టాలోని బ్యాంకు క్లర్కు ఇలా అడగొచ్చు: 'సార్, నవంబర్లో పెన్షనర్ల రద్దీ ఉంటుంది కదా. ఆ పదిహేను రోజులు ఆ కౌంటరు నాకు వదిలెయ్యండి. క్యూ తగ్గిందో లేదో మీరే చూద్దురుగాని. నా ఆడిట్ ఫైళ్లు పక్క సీటు మేడంగారు చూస్తానన్నారు, ఆవిడకు ఆ పనే హాయిగా ఉంటుందట.' ఇందులో గడువుంది, ఆయనకు లాభముంది, మీ పనికి ప్రత్యామ్నాయముంది. కాదనడానికి ఆయన కారణం వెతుక్కోవాలి.

అన్నిచోట్లా ఇది సాగుతుందని చెప్పను. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక్క టీచరే పాఠాలూ చెప్పాలి, మధ్యాహ్న భోజనం లెక్కా రాయాలి, యాపుల్లో ఫొటోలూ ఎక్కించాలి. మార్చుకోవడానికి పక్క సీటే లేదు. ఆమె చెయ్యగలిగిందల్లా యాపుల పనంతా రోజులో ఒక మూలకు నెట్టి, తనకు ప్రాణమైన పాఠానికి పొద్దుటి గంటలు కాపాడుకోవడం. అదీ తక్కువేం కాదు.

బలం పేరు చెప్పి మిగతా పనులు ఎగ్గొట్టడం కూడా కుదరదు. డిపోలో లెక్క తప్పే కండక్టరు ఎంత మంచివాడైనా ఆ తేడా జేబులోంచి కట్టాల్సిందే. బలహీనతలో పాస్ మార్కులు తెచ్చుకోవాలి. డిస్టింక్షన్ కోసం మాత్రం జీవితం పెట్టక్కర్లేదు.

ప్రమోషన్ అనే చిక్కు

'ఇంకా ప్రమోషన్ రాలేదా?' అన్న ప్రశ్న మన బంధువుల నోట జీతం ప్రశ్న తర్వాత వస్తుంది. లారెన్స్ పీటర్ అనే రచయిత 1969లోనే నవ్విస్తూ రాశాడు: బాగా చేసినవాణ్ని పైకి ఎక్కిస్తూ పోతే, చివరికి ఎవరైనా తమకు చేతకాని మెట్టు మీద ఆగిపోతారని. అది వట్టి హాస్యం కాదని 2019లో అచ్చయిన ఒక అధ్యయనం చూపింది. అమెరికన్ కంపెనీల సేల్స్ ఉద్యోగుల లెక్కలు తీస్తే, బాగా అమ్మినవాళ్లకే మేనేజరు కుర్చీ ఎక్కువగా దక్కుతోంది. తీరా మేనేజర్లయ్యాక వాళ్ల కింద టీము పని అంత బాగా సాగడం లేదు. మనకూ ఇది కొత్త కాదు. పిల్లలకు ప్రాణమైన లెక్కల మాస్టారు హెడ్మాస్టరై బిల్లుల్లో మునిగిపోతాడు. కోడు రాస్తూ ఒళ్లు మరిచే ఇంజినీరు మేనేజరై అందరి లీవులూ చూసుకుంటూ కూర్చుంటాడు.

బ్యాంకు క్లర్కుల్లో ఆఫీసరు ప్రమోషన్ వద్దనుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఊరు మారాలి, పిల్లల చదువు దెబ్బతింటుంది అని చెబుతారు. అందులో కొందరికి అసలు కారణం చేస్తున్న పని నచ్చడమే అయినా, అలా చెబితే చేతకానివాడనుకుంటారని ఊరి మీదికి నెట్టేస్తారు. నచ్చిన పనిలో ఉండిపోవడం కోసం ప్రమోషన్ వదులుకోవడం నా దృష్టిలో గౌరవమైన నిర్ణయం. జీతంలో తేడా ఎంతో, పెన్షన్ మీద అది ఎంత పడుతుందో కాగితం మీద వేసుకుని మరీ తీసుకోవాలి, అంతే.

మరి ఎప్పుడు వెళ్లిపోవాలి? చిట్టా రాశారు, అడిగారు, ఆరు నెలలు చూశారు. అయినా మీకు ఊపిచ్చే పని వారంలో ఒక్కపూట కూడా దొరకడం లేదు. అప్పుడు వెతుక్కోండి. కొత్త చోట ఇంటర్వ్యూలో, 'ఈ సీట్లో ఉన్నవాళ్లు నిన్న పొద్దుట్నుంచి ఏమేం చేశారో చెబుతారా?' అని అడగండి. ఆఫర్ లెటర్ చేతికి రాకముందు రాజీనామా ఇవ్వకండి. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల సర్వీసు కావాలి కాబట్టి ఆ గీతకు దగ్గర్లో ఉంటే ఆగండి.

ఇది చదివేవాళ్లలో నలుగురికి పని పంచే కుర్చీలో ఉన్నవాళ్లూ ఉంటారు. డిపో మేనేజరు, హెడ్మాస్టరు, బ్రాంచి మేనేజరు, టీమ్ లీడ్, ఎవరైనా సరే. జీతాలు పెంచడం మీ చేతిలో ఉండకపోవచ్చు, పని మార్చడం కొంతయినా ఉంటుంది. వచ్చే నెల డ్యూటీ చార్టు వేసేముందు మీ కింద ఉన్న ఒక్కొక్కరినీ పది నిమిషాలు కూర్చోబెట్టి రెండే అడగండి: ఏ పని మీ దగ్గరే ఉంచమంటారు, ఏ పని ఎవరికైనా ఇచ్చెయ్యమంటారు? ఒకరు వదిలించుకోవాలనుకునే పని కోసం ఇంకొకరు ఎదురుచూస్తూ ఉండొచ్చు. అది అడిగితేనే తెలుస్తుంది.